వచ్చింది – వచ్చారు

‘అమ్మ వచ్చింది.’ ‘ఆవు వచ్చింది.’ ‘బండి వచ్చింది.’ ‘నాన్న వచ్చాడు.’

ఒకటో తరగతి పిల్లవాడైనా తడుముకోకుండా చెప్పే ఈ నాలుగు వాక్యాలనూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మకూ ఆవుకూ బండికీ ఒకే క్రియ. నాన్నకు మాత్రం వేరు! మహబూబాబాద్‌లో తెలుగు పాఠం చెప్పుకునే నేను ఏటా వీటిని నల్లబల్ల మీద రాస్తాను. రాయగానే ఆడపిల్లల వరుసల్లో గుసగుసలు మొదలవుతాయి. “అయితే మేమూ బండీ ఒకటేనా, మేడమ్?” అని ఏదో ఒక గొంతు అడిగి తీరుతుంది.

ప్రశ్న న్యాయమైనదే. 19వ శతాబ్ది నడుమ బాలవ్యాకరణం రచించిన పరవస్తు చిన్నయసూరి పురుషులను తెలిపే మాటలను మహత్తులన్నాడు, స్త్రీలను తెలిపేవి మహతులు, తక్కినవన్నీ అమహత్తులు. మహత్తు అంటే గొప్పది. ఏకవచనంలో స్త్రీ అమహత్తుల పంక్తిలో కూర్చుంటుంది. బహువచనానికి వచ్చేసరికి మాత్రం లేచి మగవారి సరసన చేరుతుంది. ఆవులు ‘వచ్చాయి’ గాని, అమ్మలక్కలు ‘వచ్చారు’. ఒంటరి ఆడదానికి దొరకని మన్నన నలుగురు కూడితే దొరుకుతుందన్నమాట!

అయితే, భాషే స్త్రీని తక్కువ చేసిందని తీర్పు చెప్పడానికి తొందరపడకండి. అందుకు మా ఊరే ఎదురు సాక్ష్యం. కాగితాల మీద మహబూబాబాద్, జనం నోట మానుకోట. ఇక్కడి అంగడిలో తెలుగుతో పాటు తండాల నుంచి వచ్చిన లంబాడీల భాషా, ఉర్దూ వినబడతాయి. ఆ రెండింటిలోనూ స్త్రీకి వేరే క్రియారూపం ఉంది. కొత్తగూడ, గంగారం అడవిపల్లెల కోయవారి సొంత భాష గోండికి చెల్లెలు. అందులో స్త్రీ ఒక్కతె అయినా, పదిమంది అయినా పశువులతో, వస్తువులతోనే లెక్క. వ్యాకరణమే తలరాత అయితే కోయ స్త్రీ అందరికన్నా అడుగున ఉండాలి. కాని ఆ కోయలు రెండేళ్లకోసారి ములుగు జిల్లా మేడారంలో కొలిచే వేల్పులు సమ్మక్క, సారలమ్మ. తల్లీకూతుళ్లు! వారికి మొక్కడానికి లక్షల జనం తరలి వెళుతుంది. మరోవైపు తమిళంలో, కన్నడంలో ఒక్క స్త్రీకి కూడా ప్రత్యేకంగా క్రియ ఉంది. అంతమాత్రాన అక్కడ వరకట్నం లేకపోలేదు.

కనుక నేరం క్రియది కాదు. ఏ క్రియ ఎవరికి వాడాలో నిర్ణయించే ఇంటిది. భర్తను గురించి ఇల్లాలు ‘మావారు వచ్చారు’ అంటుంది. ఆమెను గురించి ఆయన ‘మా ఆవిడ వచ్చింది’ అంటాడు. ‘మా ఆవిడ వచ్చారు’ అనకూడదని ఏ వ్యాకరణంలోనూ లేదు. నా సంగతే తీసుకోండి. కాలేజీ గేటు దాటితే ‘మేడమ్ వచ్చిండ్రు’. సాయంత్రం ఇంటి గడప దాటితే ‘వచ్చింది’. మనిషిని నేనే, చేతిసంచీ అదే. మారింది నన్ను చూసే చూపు.

పిల్లలు తయారయ్యేదీ ఇలాగే. కొడుకు ఏడిస్తే ‘ఆడపిల్లలా ఏడుస్తావేమిరా’ అంటాం. కూతురు మొదటి ర్యాంకు తెస్తే ‘మా అమ్మాయి మగపిల్లాడితో సమానం’ అని మురిసిపోతాం. మొదటి మాటతో వాడి కన్నీళ్లకు తాళం వేశాం. రెండో మాటతో ఆమె గెలుపును మరొకరి పేర రాశాం. మగవాడంటే ఇలా, ఆడదంటే ఇలా అని వాళ్లు పుట్టుకతో నేర్చుకు రాలేదు. అది మనం రోజూ అప్పజెప్పించుకున్న పాఠం.

మరి ఈ రెండు పంక్తుల్లో దేనిలోనూ ఇమడనివారి మాటేమిటి? రైలుపెట్టెలో చప్పట్లు చరుస్తూ వచ్చే హిజ్రాలను మీరూ చూసే ఉంటారు. వారు దిగిపోగానే వినబడే మాటలు రెండే: ‘వాడు’, ‘అది’. రెండూ తిట్లే. చట్టమూ వారిని అలాగే చూసింది. మా మానుకోట కూడా నిజాం ఏలుబడిలో ఉన్న 1919లో, ఫసలీ లెక్కన 1329లో, హైదరాబాద్ సంస్థానంలో ఒక శాసనం వచ్చింది. దాని ప్రకారం నేరాలు చేస్తారని అనుమానించిన నపుంసకుల పేర్లు రిజిస్టరు కెక్కుతాయి. అలా ఎక్కినవారు ఆడవేషంతో, నగలతో బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు. చీర కట్టడమే నేరం! నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి; ఆ శాసనం మాత్రం పోలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాను ఆడో మగో మరొకరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని తీర్పు చెప్పింది. తరువాత వైజయంతి వసంత మొగిలి మొదలైనవారు వ్యాజ్యం వేయగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ పాత శాసనాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అప్పటికి నూరేళ్లు దాటిపోయాయి.

కోర్టు చట్టాన్ని కొట్టివేయగలదు. మన నోటి మాటను కొట్టివేయలేదు. ఆ పని మనదే. అందుకు కొత్త మాటలు పుట్టించనక్కరలేదు. ‘మీరు వచ్చారు’, ‘వారు వచ్చారు’ అని చూడండి. వచ్చింది ఆడా, మగా, మరొకరా? తెలుగు అడగదు! ‘వాడా, అదా’ అని ఆరా తీసే భాషే, మనిషిని మన్నించిన మరుక్షణం ఆ ప్రశ్న మానేస్తుంది. పెద్దలు మన నాలుక మీదే పెట్టి వెళ్లిన ఈ వెసులుబాటును మనం ఇంతకాలం కొందరికే దాచిపెట్టాం.

‘అమ్మను వచ్చింది అనడం చనువండీ’ అంటారా? నిజమే. అయితే ఆ చనువులో కొంత నాన్నగారికీ, ఈ మన్ననలో కొంత అమ్మకూ పంచిపెట్టండి. రేపు మీ ఇంటి ఇల్లాలు బజారు నుంచి రాగానే ‘అమ్మగారు వచ్చారు’ అని చూడండి. అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. పిల్లలు మాత్రం వింటారు.