ఇంట్లో వసపిట్ట ఉంటే



పొద్దున కళ్ళు తెరిచింది మొదలు రాత్రి నిద్రపోయేదాకా గలగలా మాట్లాడుతూనే ఉండే పిల్లలు మీ ఇంట్లో ఉన్నారా? "దీనికి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారేమో" అని చుట్టాలు నవ్వితే, మీరూ పైకి నవ్వి లోపల విసుక్కుంటున్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

నేను హోసూరు ప్రాంతంలో బడిపంతులమ్మను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం కూడా వినబడే ఊళ్ళు మావి. పగలంతా పిల్లలకు పాఠాలు చెప్పి, గొంతు బొంగురుపోయి ఇంటికి చేరేసరికి మా చిన్నమ్మాయి గుమ్మంలోనే కాచుకొని ఉండేది. అప్పుడు దానికి ఆరేళ్ళు. "అమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా?" అని మొదలుపెడితే ఇక ఆపేది కాదు. ఒకనాడు నాకు ఓపిక నశించింది. "నోరు మూసుకో. నాకేమీ చెప్పొద్దు" అని కసిరాను. ఆనాటి నుంచి ఇల్లు నిశ్శబ్దమైంది. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది.

రెండు వారాల తరవాత మా అత్తగారు ఒక సంగతి చెప్పారు. బడి వ్యానులో ఒక పెద్ద పిల్లవాడు రోజూ దీన్ని గిల్లి, టిఫిను డబ్బా లాక్కుంటున్నాడట. "నాతో ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను. "నువ్వే కదమ్మా, ఏమీ చెప్పొద్దన్నావు" అంది. బి.ఎడ్.లో పిల్లల మనస్తత్వం గురించి చదివి పరీక్ష రాసినదాన్ని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఏది చిన్న సంగతో, ఏది పెద్ద సంగతో పిల్లలకు తెలియదు. పిల్లి పాలు తాగిందన్నదీ, ఎవరో కొట్టారన్నదీ ఒకే గొంతుతో చెబుతారు. మొదటిది వినని వాళ్ళకు రెండోది కూడా చెప్పరు. మనం ఓర్చుకోవలసింది ఇందుకే.

ఇంతకూ పిల్లలు ఎందుకింత మాట్లాడతారు? వాళ్ళ మాటలను కాస్త గమనించండి. కొన్ని మనతో కావు, తమతో తాము చెప్పుకునేవి. "ఇప్పుడు ఎర్ర ముక్క పెట్టాలి, దాని మీద ఇది" అంటూ ఆడుకుంటారు. స్విట్జర్లాండుకు చెందిన పియాజె 1923లోనే ఈ సంగతి రాశారు. రష్యాకు చెందిన వైగాట్‌స్కీ ఇంకొక అడుగు ముందుకు వేసి, 1934లో వెలువడిన పుస్తకంలో, ఇది పైకి వినబడే ఆలోచన అన్నారు. ఎదిగేకొద్దీ ఈ మాటలే మనసులోకి వెళ్ళి మౌనంగా ఆలోచించే శక్తి అవుతాయి. కాబట్టి వాటిని ఆపనక్కరలేదు, జవాబూ చెప్పనక్కరలేదు.

రెండో రకం ప్రశ్నలు. "చందమామ మనతో ఎందుకొస్తాడు?" లాంటివి. తెలిస్తే చెప్పండి. లేకపోతే "నువ్వేమనుకుంటున్నావు?" అని తిరిగి అడగండి. ఇక మూడో రకం, మన చూపు తమ మీద పడాలని చెప్పేవి. అసలు చిక్కు వీటితోనే.

దీనికి నేను చేసిన ఏర్పాటు చెబుతాను. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కొని, కాఫీ గ్లాసుతో పావుగంట దాని పక్కన కూర్చుంటాను. ఆ పావుగంట పూర్తిగా దానిదే. చేతిలో ఫోను ఉండదు, పొయ్యి మీద కూర ఉండదు. తరవాత "ఇక అమ్మ వంట చేసుకోవాలి, మిగిలింది పడుకునేటప్పుడు" అంటాను. అన్నట్టుగానే పడుకునేటప్పుడు వింటాను. మాట తప్పితే మాత్రం ఈ ఏర్పాటు పనిచేయదు.

పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరకుండా ఒక గుర్తు నేర్పాను. వచ్చి నా చెయ్యి పట్టుకోవాలి. నేనూ దాని చెయ్యి నొక్కుతాను. "చూశాను, కాసేపు ఆగు" అని దాని అర్థం. మొదట్లో అర నిమిషం కూడా ఆగలేకపోయింది. నెల తిరిగేసరికి ఆగడం వచ్చింది. ఒళ్ళు అలసిపోయిన రోజున "గొంతు నొప్పిగా ఉంది, కాసేపాగి వింటాను" అని ఉన్నమాట చెప్పండి. అలసటను పిల్లలు అర్థం చేసుకుంటారు. కసురుకుంటే మాత్రం తమదే తప్పనుకుంటారు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇంకొక సంగతి. "అమ్మా, నా పెన్సిలు తొలైంజి పోయింది" అంటుంది పిల్ల. రెండు భాషలు కలిసిపోయాయని కంగారు పడకండి, వెక్కిరించకండి. "అయ్యో, పెన్సిలు పారేసుకున్నావా? ఎక్కడ?" అని మీరు తెలుగులో అందుకోండి. సరైన మాట దాని చెవిన పడుతుంది, కబురూ ఆగదు. బడిలో తెలుగు లేని పిల్లలకు తెలుగు నేర్పేది మన వంటిల్లే. అక్కడ కూడా నోరు మూయిస్తే ఆ భాషను వాళ్ళు ఇంకెక్కడ మాట్లాడాలి?

అయితే కొన్ని సందర్భాల్లో ఓర్పు ఒక్కటే చాలదు. ఎంత మాట్లాడినా ఎదుటివారు అడిగినదానికి జవాబు ఇవ్వకపోయినా, విన్న మాటనే పదేపదే అంటున్నా, ఇంట్లోనూ బడిలోనూ నెలల తరబడి ఒక్కచోట కుదురుగా ఉండలేకపోతున్నా, గలగలలాడే పిల్ల ఉన్నట్టుండి మూగబోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అంగన్‌వాడీలో గానీ, ప్రభుత్వ బడిలో గానీ అడిగితే వివరాలు చెబుతారు.

మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. కబుర్లు బాగా తగ్గాయి. గుమ్మంలో కాచుకొని ఉండేది ఇప్పుడు నేనే. "ఇవాళ ఏమైందే?" అని అడిగితే ఇంకా చెబుతుంది. మీ ఇంటి వసపిట్ట కూడా ఈపాటికి ఏదో చెప్పాలని మీ కొంగు లాగుతూ ఉంటుంది. రేడియో తరవాత వినవచ్చు, ముందు ఆ మాట వినండి.

సెలవు.