వంకరపోయిన కాలివ్రేలు: శస్త్రచికిత్స, దాని వ్యయము



నేడు నేను చెప్పబూనిన విషయము మిక్కిలి చిన్నది, కాలివ్రేలంత. కాని కాలివ్రేలు చెడినవాడు నడువలేడు. నడువలేనివానికి మన కృష్ణా డెల్టాలో బ్రదుకుతెరువు దుర్లభము. మా గూడూరు ప్రాంతమున (నెల్లూరు సీమలోని గూడూరు గాదు, బందరునుండి విజయవాడకు బోవు బాటలోని గూడూరు) ఊడ్పులనాడు పిక్కలలోతు బురదలో నిలిచి పనిచేయువారు కలరు. చేరువనున్న పెడనలో గుంటమగ్గమునందు కూర్చుండి కాళ్లతో తొక్కుడుకఱ్ఱలను తొక్కువారు కలరు. వీరికి వ్రేలు గూడ ఒక పనిముట్టే. అట్టి వ్రేలు వంకరపోయినప్పుడు దానిని కోసి సరిచేయింపవచ్చునా, చేయించినచో ఏమి జరుగును, ఎంత సొమ్మగును అని జనులు గ్రామపెద్దలను అడుగుచుందురు. ఆ పెద్దలకు ఉపకరించునట్లు, వైద్యవృత్తిలో నేనెఱిగిన సంగతులను విన్నవించెదను.

ముందుగా వ్రేలెందుకు వంగునో తెలిసికొందము. కండరమును ఎముకకు బంధించు త్రాటికి స్నాయువని పేరు. వ్రేలిని క్రిందికి వంచు స్నాయువులు కొన్ని, పైకెత్తునవి కొన్ని. కాడికి కట్టిన ఎడ్లు రెండును సరిగా లాగినంతకాలము నాగలి తిన్నగా సాగునట్లు, ఈ రెండు తెగలును సమబలముగా నున్నంతకాలము వ్రేలు తిన్నగా నుండును. ఒకవైపు బలము సన్నగిల్లెనా, రెండవవైపు దానిని ఈడ్చుకొనిపోవును. అప్పుడు నడిమి కణుపు పైకి లేచి వ్రేలు సుత్తివలె వంగును. లేదా వ్రేళ్లన్నియు పక్షిగోళ్లవలె ముడుచుకొనును. వేఱొక విధమున బొటనవ్రేలు ప్రక్కవ్రేలిమీదికి ఒరగి, దాని మొదట ఎముక బుడిపెవలె పొడుచుకొనివచ్చును. వంశక్రమము, ఇఱుకు జోళ్లు, పాతదెబ్బలు, కీళ్లజబ్బులు, మధుమేహము, కుష్ఠు, ఇవి ముఖ్యకారణములు.

వంకరయైన ప్రతివ్రేలికిని కత్తి యక్కఱలేదు. నొప్పిలేక, పుండులేక, నడకకు అడ్డురాక యున్న వ్రేలిని అందముకొఱకు కోయించుట నేను ఎన్నడును సమ్మతింపను. చేతితో సవరించినప్పుడు తిన్ననగు మెత్తని వ్రేలికి, ముందుభాగము వెడల్పుగాను లోతుగానున్న చెప్పులును, ఒరపిడి తగ్గించు మెత్తలును పెక్కుమాఱులు చాలును. ఇట్టివి వంకరను పోగొట్టవు, బాధను తగ్గించును. శిశువులకు పుట్టుకతోనున్న వంకర కొందఱిలో పెరిగినకొలది తనంతట చక్కబడును గావున వారి విషయమున తొందరపడరాదు. కణుపుమీద గట్టిపడిన ఆనెను క్షౌరపు కత్తితో చెక్కుట, దానిమీద జిల్లేడుపాలు పోయుట మన పల్లెలలో వాడుక. ఇది విడువదగినది. ఆనె పోవుటకు మాఱుగా పుండు పడును. మధుమేహము కలవానికి ఆ పుండే కాలు తీయించుటకు మొదటిమెట్టు కావచ్చును.

ఒరపిడివలన నిత్యము నొప్పిపుట్టుచు చెప్పులు మార్చినను తగ్గనప్పుడు, వ్రేలిమీద పుండు మాటిమాటికి తిరుగబెట్టుచున్నప్పుడు, వ్రేలు బిగిసిపోయి నడక చెడినప్పుడు శస్త్రవైద్యుని దర్శింపవలెను. ఆయన మొదట కత్తిని గూర్చి తలపడు. పాదముపైనను చీలమండ వెనుకను నాడి ఆడుచున్నదా, సన్నని నైలాను పోగుతో అరికాలు తాకినప్పుడు రోగికి తెలియుచున్నదా అని చూచును. నిలుచుండబెట్టి ఎక్సురే పటము తీయించును. పాదముపై బరువు పడినప్పుడే ఎముకల నిజస్థితి బయల్పడును. రక్తములో చక్కెరను పరీక్షించును. గడచిన మూడునెలల సగటును తెలుపు పరీక్ష 8 శాతము మించినచో, తొందరలేని శస్త్రచికిత్సను వైద్యులు సామాన్యముగా వాయిదా వేయుదురు. చుట్ట త్రాగువారు కనీసము నాలుగువారములు ముందుగా దానిని మానవలెను. పొగాకు సన్నని రక్తనాళములను ముడుచుకొనజేయును. పాదమునకు రక్తము చాలనిచో గాయము మానదు, ఎముక అతుకదు.

స్త్రీలకు ఒక మాట. కాలి మెట్టెలను శస్త్రచికిత్సకు ముందు తీయవలసియుండును. వ్రేలు వాచినప్పుడు మెట్టె ఉరివలె బిగిసి రక్తమును ఆపివేయును. సువాసినులు దీనికి మనసొప్పక వెనుదీయుట కలదు. గాయము మాని వాపు తగ్గినపిదప మరల ధరింపవచ్చునని ఇంటి పెద్దలు ముందే చెప్పి ఒప్పింపవలెను.

ఇక శస్త్రచికిత్స. ఒక్క వ్రేలికైనచో వ్రేలి మొదటనో చీలమండ వద్దనో మందు పొడిచి ఆ భాగమునకు మాత్రమే మత్తు కలిగింతురు. పెద్దపనికి వెన్నులో మత్తుమందు ఇత్తురు. మెత్తనివ్రేలికి ఎముక నంటక, క్రిందికి లాగు స్నాయువును కోసి సడలింతురు, లేదా దానిని వ్రేలి పైవైపునకు మార్చి కుట్టుదురు. బిగిసిన వ్రేలికి కణుపువద్ద ఎముక కొంచెము తీసి, తిన్నగా నిలిపి, కొననుండి సన్నని ఉక్కుతీగను దూర్తురు. తీగ కొన బయటికి కనబడుచుండును; దానిని చూచి బెదరవలదు. నాలుగు మొదలు ఆఱు వారములకు దానిని లాగివేయుదురు. అట్టి వ్రేలు తిన్ననగును గాని ఆ కణుపువద్ద మరల వంగదు. ఈ సంగతి ముందుగా తెలియనివారు పిమ్మట చింతింతురు. బొటనవ్రేలి పని ఇంతకంటె పెద్దది. దాని మొదటి పొడుగెముకను కోసి, ప్రక్కకు జరిపి, మరలతో బిగింతురు. దీనికి నూటికి పైగా పద్ధతులు వైద్యగ్రంథములలో వర్ణింపబడినవి. ఇన్ని పద్ధతులుండుటయే, ఏ ఒక్కటియు అందఱికిని సరిపోదనుటకు సాక్ష్యము.

పిదప కొన్నిదినములు కాలును ఎత్తుగా నుంచుకొనవలెను. కుట్లు రెండువారములకు తీయుదురు. గట్టి అడుగుగల ప్రత్యేకపు చెప్పుతో కొందఱు మఱునాడే నాలుగడుగులు వేయవచ్చును. బొటనవ్రేలి పనియైనచో ఆఱువారములు జాగ్రత్త వలయును. వాపు పూర్తిగా తీయుటకు మూడు మొదలు ఆఱు మాసములు పట్టును. చీముపట్టుట, తిమ్మిరి, ఎముక అతుకకపోవుట, వంకర తిరుగబెట్టుట, ఎప్పుడో ఒకప్పుడు రక్తము అందక వ్రేలు నల్లబడుట, ఈ కీడులును కలవు. వీనిని చెప్పక మేలునే చెప్పు వైద్యుని మరల అడుగుడు.

ఇప్పుడు స్పర్శలేని పాదమును గూర్చి చెప్పవలెను. ఈ ప్రసంగములో ముఖ్యభాగమిదియే. కుష్ఠుక్రిమి కాలి నరమును చెఱచినప్పుడు పాదములోని చిన్న కండరములు చచ్చి వ్రేళ్లు ముడుచుకొనును, స్పర్శయు పోవును. వ్రేలికొన నేలకు గుచ్చుకొన్నను, రాత్రి ఎలుక కొఱికినను రోగికి తెలియదు. జబ్బే వ్రేళ్లను తినివేయునని పూర్వులు తలంచిరి. ఆ తలంపును తొలగించినవారిలో ముఖ్యుడు డాక్టరు పాల్ బ్రాండు. 1914లో తమిళదేశపు కొల్లికొండలలో జనించి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి, 1948 మొదలు కుష్ఠుచే ముడుచుకొనిన చేతులను స్నాయువులు మార్చి సరిచేసినవాడాయన. వ్రేళ్లను హరించునది నొప్పి తెలియకపోవుటచే తగులు గాయములే యని ఆయన చూపెను. ముడుచుకొనిన కాలివ్రేళ్లకును స్నాయువులు మార్చెడి ఈ పద్ధతియే వర్తించును. మందుల వాడుక ముగిసి నరములు నిలుకడగానున్న పిదప, ఇట్టి శస్త్రచికిత్సను ప్రభుత్వము ఉచితముగా చేయించును. దానితోపాటు రోగికి భృతియు ఇచ్చును; అది 8,000 రూపాయలనుండి 12,000కు పెరిగినది. ఈ సంగతి తెలియక, లేదా వెలికి వెఱచి, ఇంటిలోనే దాగియున్నవారు ఇంకను కలరు.

నేడు మన పల్లెలలో తిమ్మిరిపాదములు మధుమేహమువలన పెరుగుచున్నవి. వంగిన వ్రేలికొనమీద పుండుపడి మానకున్నచో, క్రిందిస్నాయువును చిన్నగాటుతో సడలించు పని కలదు. ఇది కొద్దినిమిషములలో ముగియును, ఆస్పత్రిలో పడుకొనవలసిన పని తఱచుగా ఉండదు. మధుమేహపాదమునకు అంతర్జాతీయ వైద్యులు 2023లో ప్రకటించిన మార్గదర్శకములును దీనిని పేర్కొన్నవి. ఇంత చిన్నగాటు ఒక కాలిని నిలుపవచ్చునన్నమాట రైతుకుటుంబములకు చేరవలెను.

వ్యయమును మూడుభాగములుగా లెక్కింపుడు. మొదటిది ఆస్పత్రి సొమ్ము: పరీక్షలు, మత్తు, శస్త్రవైద్యుని ప్రతిఫలము, తీగలు మరలు, గది, మందులు. ప్రైవేటు ఆస్పత్రులలో ఇది ఊరికొకటిగా, వైద్యునికొకటిగా నుండును. కావున అంశముల వారీగా వ్రాతపూర్వకమైన అంచనా తీసికొని, తీగను తీయుటయు కట్లు మార్చుటయు అందులో చేరినవా యని తప్పక అడుగుడు. ప్రభుత్వవైద్యశాలలో ఈ భారము మిక్కిలి తక్కువ. మచిలీపట్టణమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. విజయవాడలో 1980లో స్థాపింపబడిన సిద్ధార్థ వైద్యకళాశాల కలదు. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవయని పిలువబడు పథకమును, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకమును కలవు. తలపెట్టిన శస్త్రచికిత్స పథకపు జాబితాలో నున్నదో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర చెప్పగలరు. అందముకొఱకైన పనికి ఇట్టివి వర్తింపవు.

రెండవది రాకపోకలు. కట్టు మార్చుటకు, కుట్లు తీయుటకు, తీగ లాగుటకు పలుమాఱులు పోవలెను, తోడుగా నొకరుండవలెను.

మూడవది కూలినష్టము. దీనిని ఎవ్వరును లెక్కింపరు, కాని పేదవానికి ఇదియే అన్నిటికంటె పెద్దది. ఆఱువారములనగా 42 దినములు. దినమునకు 500 రూపాయల కూలియనుకొన్నచో 21,000 రూపాయలు. తోడుండువారు పది దినములు పని మానినచో మఱి 5,000. ఆస్పత్రి ఒక్క కాసు తీసికొనకున్నను ఇరువదియాఱు వేలు పోయినట్లే. మీ ఊరి కూలి రేటును పెట్టి మీరే గుణించి చూడుడు.

కావుననే కాలమును ఎంచుకొనుట వైద్యమంత ముఖ్యము. తొందరలేని వ్రేలికి సార్వాకోతలు, నూర్పిళ్లు ముగిసిన పిదప, మాఘఫాల్గుణములు మేలు. వేసవిలో కాలువలు కట్టి, నేల ఎండి, బురద లేక, కట్టు తడియని దినములవి. ఏరువాకనాటికి కాలు పనికి వచ్చును. మగ్గమువారు పెండ్లిండ్ల గిరాకీ తగ్గిన మాసమును చూచుకొనవలెను. పుండు పడిన తిమ్మిరిపాదమునకు మాత్రము ఈ లెక్క పనికిరాదు. దానికి నేడే ముహూర్తము.

పెద్దలారా, మీయొద్దకు సలహాకు వచ్చినవానిని ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: నొప్పియో పుండో ఉన్నదా? వెడల్పు చెప్పులు వాడి చూచితివా? చక్కెరయు స్పర్శయు పరీక్షింపించితివా? ఆఱువారములు ఇంటిలో పొయ్యి వెలుగుటకు దారియున్నదా? మొదటి మూడింటికి తగిన సమాధానము వచ్చి నాలుగవదానికి రాకున్నచో, ఆ కుటుంబమునకు అప్పునకు మాఱుగా నాలుగుబస్తాల ధాన్యము సర్దుబాటు చేయుట ఊరివారి చేతిలోని పని. కత్తిపని వైద్యునిది, ఆ ఆఱువారములు రోగి కూలిపనికి పోక కోలుకొనునట్లు చూచుట మీది.