మస్టర్‌లో పేరుంది, మరి పనికి పోయినారా?

ఆడిట్ అంటే అందరికీ కాగ్ గుర్తొస్తుంది. రాష్ట్రం పన్నులు ఎట్లా వసూలు చేసింది, ఎట్లా ఖర్చు పెట్టింది చూసి వాళ్ళిచ్చే రిపోర్టు గవర్నర్ ద్వారా అసెంబ్లీకి వస్తుంది. కానీ ప్రతి ఊరికీ వాళ్ళు రాలేరు, శాంపిల్ చూస్తారు. మన చిత్తూరు పల్లెలో చెరువు పూడిక నిజంగా తీశారా? మస్టర్‌లో సంతకాలుంటాయి, ఎం-బుక్‌లో కొలతలుంటాయి. కాగితం పక్కా.

అందుకే సామాజిక తనిఖీ. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఈ పనిని గ్రామసభకే ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే మొదలుపెట్టి, 2009లో దీనికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. కూలీల ఇళ్ళల్లో చదువుకున్న పిల్లలకే ట్రైనింగ్ ఇస్తారు. వాళ్ళు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ పోతారు. 'అమ్మా, ఆరు రోజులు పనికి వచ్చినట్టు రాసుంది, పోయినావా? డబ్బులు ముట్టినాయా?' చనిపోయిన మనిషి పేరు, బెంగళూరులో ఉండే పిల్లోడి పేరు అక్కడే బయటపడేది. తర్వాత టేపుతో గుంత కొలుస్తారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు లాగ్‌లో అంతా ఓకే అనే ఉండేది, యూజర్ ఫోన్ చేస్తేగానీ సంగతి తెలిసేది కాదు. ఇదీ అంతే.

చివర మండలంలో ప్రజావేదిక. తేలినవన్నీ మైకులో చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుగానే ఉంటాడు, ఊరోడే. రేపు పని అడగాల్సిందీ ఆయన్నే. అందరి ముందూ లేచి 'నేను పోలేదు సార్' అనడం చిన్న విషయమా? ఇంటి దగ్గర చెప్పిన మాట కొందరు వేదిక దగ్గర మార్చేది అందుకే.

ఇంకో చిక్కు, తేలిన సొమ్మంతా రికవరీ కాదు. మీ మండలంలో వేదిక పెడితే పోయినసారి రిపోర్టు పట్టుకుని పొండి. అప్పుడు రాసిన రికవరీలో ఎంత కట్టించారో అడగండి.