జురాంగ్ వెస్ట్‌లో దిగాలా, లిటిల్ ఇండియాలో దిగాలా?

నేను ఐ.టి. కన్సల్టెంటుని, ఉండేది సింగపూరు పడమటి వైపు, జురాంగ్ వెస్ట్‌లో. "సింగపూరు మీదుగా ఇండియా వెళ్తున్నాం, మూడు రోజులు ఆగుతాం, మంచి తిండి దొరికే పేటలో దిగాలి, ఎక్కడ దిగమంటావు?" అని అమెరికా నించీ, ఆస్ట్రేలియా నించీ చుట్టాలూ స్నేహితులూ అడుగుతూనే ఉంటారు. ఈ పూట దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

అడిగేవాళ్ళలో చాలామంది చేతిలో అప్పటికే ఒక జాబితా ఉంటుంది. చికెన్ రైసు ఫలానా చోట, లక్సా ఫలానా చోట, చిల్లీ క్రాబ్ ఫలానా చోట అని. ఆ చోట్లన్నీ మ్యాపులో గుర్తు పెట్టుకుని, వాటికి మధ్యలో పడే హోటలు కోసం వెతుకుతారు. నేనైతే ఆ జాబితా కాసేపు పక్కన పెట్టమంటాను. సింగపూరు ఈ కొస నించి ఆ కొసకి మహా అయితే యాభై కిలోమీటర్లు. ఒక్కసారి రుచి చూసే వంటకం కోసం రైలెక్కి వెళ్ళొచ్చు, అదో సరదా కూడా. కానీ పొద్దున్న లేవగానే తాగే కాఫీకీ, రాత్రి పదింటికి ఆకలి అని ఏడ్చే పిల్లాడికీ రైలెక్కలేం కదండీ. అందుకని మీ బృందంలో తిండి దగ్గర అందరికన్నా ఇబ్బంది పడే మనిషెవరో ముందు చూసుకోండి. ఆ మనిషి పది నిమిషాల నడకలో మూడు పూటలా తినగలిగే పేట ఏదైతే అదే మీ పేట.

మా ఇంట్లో ఆ మనిషి మా మామగారు. తణుకు నించి వచ్చారు. డెబ్భై దాటాయి, శాకాహారి, పైగా షుగరు. పొద్దున్న ఆరున్నరకి మాత్ర వేసుకుంటే అరగంటలో కడుపులో ఏదో ఒకటి పడి తీరాలి. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు మా తోడల్లుడు ముచ్చటపడి, ఊరి నడిబొడ్డున ఆఫీసు భవనాల మధ్య ఒక పెద్ద హోటల్లో రెండు రాత్రులు దింపాడు. అక్కడ ఆదివారం ఫలహారాలు ఏడున్నరకి గానీ మొదలవ్వవు. చుట్టుపక్కలేమో అన్నీ ఆఫీసు జనం మీద బతికే కొట్లు, సెలవు రోజు పొద్దున్నే తలుపు తీసినది ఒక్కటీ లేదు. ఏడుంబావుకి ఆయనకి చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. మా అత్తగారి చేతిసంచీలో విమానంలో ఇచ్చిన చాక్లెట్టు ఉండబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే మా ఇంటికి తీసుకొచ్చేశాం. తరవాతి మూడు వారాలూ ఆయన రోజూ పొద్దున్నే ఒక్కరే నడిచి వెళ్ళి, రెండు దోసెలు తిని, కాఫీ తాగి, దారిలో పేపరు కొనుక్కుని వచ్చేవారు. మేము నిద్ర లేచేసరికి ఆయన ఫలహారం అయిపోయేది.

గొప్ప హోటలు ఇవ్వలేనిది ఈ మారుమూల పేట ఎలా ఇచ్చిందంటే, దానికి కొంచెం చరిత్ర ఉంది. జురాంగ్ ప్రాంతం ఒకప్పుడు చిత్తడి నేలలూ, తోటలూ. 1961లో అక్కడ పారిశ్రామికవాడ పని మొదలుపెట్టారు. అప్పటి ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ ఆలోచన అది. మొదట్లో ఫ్యాక్టరీలు రాక, జనం దాన్ని 'గోగారి తెలివితక్కువ పని' అని వెక్కిరించారట. తరవాత ఫ్యాక్టరీలూ వచ్చాయి, షిప్పు యార్డులూ వచ్చాయి, ఆ పనివాళ్ళ కోసం ప్రభుత్వం ఫ్లాట్లూ కట్టింది. షిఫ్టుల్లో పనిచేసే మనిషికి తెల్లవారుజామున వేడిగా ఏదో కావాలి, అర్ధరాత్రి దాటాకా కావాలి, చవకగా కావాలి. దానికి తోడు నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ కూడా ఇటువైపే ఉంది. విద్యార్థుల ఆకలికి వేళాపాళా ఉండదని మనకి తెలిసిందే. ఏ పేటలోనైనా కొట్లు తెరిచే వేళలు అక్కడ కాపురముండే జనాన్ని బట్టి ఉంటాయని నా లెక్క. టూరిస్టు పేటలో పదకొండింటికి తెరుస్తారు, పనివాళ్ళ పేటలో ఆరింటికి తెరుస్తారు.

హాకర్ సెంటర్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. మన ఊళ్ళో వీధి చివర టిఫిన్ బండ్లు ఉంటాయి చూడండి, అలాంటివన్నీ తెచ్చి ఒక కప్పు కింద పెట్టి, నీళ్ళ కుళాయీ, డ్రైనేజీ ఇచ్చి, మధ్యలో అందరికీ కలిపి బల్లలు వేస్తే అదే హాకర్ సెంటర్. 1970లలో, 80లలో ప్రభుత్వం రోడ్ల మీది బండ్లవాళ్ళని ఇలా లోపలికి మార్చింది. 2020 డిసెంబరులో యునెస్కో దీన్ని సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది కూడా. రెస్టారెంట్లలో బిల్లు మీద పది శాతం సర్వీసు చార్జీ, ఆపైన తొమ్మిది శాతం జి.ఎస్.టి. పడుతుంటాయి. హాకర్ సెంటర్లో బోర్డు మీద రాసిన ధరే ధర. నలుగురు మనుషులు, మూడు పూటలు, వారం రోజులు అని లెక్క వేసుకుంటే ఆ తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

జురాంగ్ వెస్ట్‌లో ఇలాంటివాటిలో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి బూన్ లే ప్లేస్‌లో 221వ బ్లాకు దగ్గర ఉన్న ఫుడ్ విలేజ్. అక్కడి 'పవర్ నాసి లెమాక్' కొట్టు దేశమంతా పేరున్నది. కొబ్బరిపాలూ పాండన్ ఆకూ వేసి వండిన అన్నం, వేయించిన కోడి రెక్క, గుడ్డు, కరకరలాడే చిన్న చేపలు, సంబల్ అనే మిరపకారం పచ్చడి. ఆ సంబల్ మన నాలుక్కి కొంచెం తియ్యగా తగులుతుంది, రెండో ముద్దకి అలవాటవుతుంది. రాత్రి బాగా పొద్దుపోయాక వెళ్ళినా క్యూ ఉంటుంది. రెండోది జురాంగ్ వెస్ట్ స్ట్రీట్ 52లో 505వ బ్లాకు మార్కెట్. కింద కూరగాయలూ చేపలూ, పక్కనే తిండి కొట్లు. టూరిస్టు మొహం కనపడదు.

ఇక్కడొక చిన్న కిటుకు. బ్లాకు నంబరులో మొదటి అంకె ఆ ఇల్లు ఏ ఉపపేటలో ఉందో చెప్తుంది. ఐదువందల బ్లాకులన్నీ ఒక చోట, తొమ్మిదివందల బ్లాకులన్నీ ఇంకో చోట. అడ్రసు చూడగానే ఏ మార్కెట్టుకి దగ్గరో చెప్పేయచ్చు. అయితే పేర్లని మాత్రం నమ్మకండి. బూన్ లే స్టేషన్లో దిగితే బూన్ లే ఫుడ్ విలేజ్ ఎదురుగా ఉంటుందనుకుంటారు. ఎండలో నడిస్తే పావుగంట పైనే పడుతుంది, పెద్దవాళ్ళుంటే బస్సెక్కడం మేలు. స్టేషన్ని ఆనుకుని ఉన్నది జురాంగ్ పాయింట్ అనే పెద్ద మాల్. అందులో తిండికి లోటు లేదు గానీ మాల్ తిండి ఎక్కడైనా మాల్ తిండే. ఆదివారం సాయంత్రం ఆ చుట్టుపక్కల డార్మిటరీల నించి వచ్చిన పనివాళ్ళ మధ్య తమిళం, బెంగాలీ, అప్పుడప్పుడు మన తెలుగూ వినపడతాయి. నాకు అది ఇష్టం.

ఇహ శాకాహారుల సంగతి. సంబల్‌లో ఎండు రొయ్యల ముద్ద కలుస్తుంది, కాబట్టి పైన ఉన్నవి తీసేసి అన్నం, సంబల్ తింటాను అంటే కుదరదు. 'క్యారట్ కేక్' అని బోర్డు చూసి పిల్లలకి కొనకండి, అందులో క్యారట్ ఉండదు, కేకూ కాదు, ముల్లంగి ముద్దని గుడ్డుతో వేయిస్తారు. ఇండియన్ ముస్లింల కొట్లలో దొరికే రోటీ ప్రాటా మన పరోటాకి తమ్ముడు. దానితో పాటు చేపల పులుసు పోసేస్తారు, ముందే 'దాల్' అని అడగాలి. పిండిలో గుడ్డు కలుపుతారా అని కూడా అడగండి, కొట్టుకో పద్ధతి. దోసెని ఇక్కడ తోసై అంటారు.

మన వాళ్ళు చూసి కూడా దాటిపోయేది చైనావాళ్ళ శాకాహారపు కొట్టు. పెద్ద హాకర్ సెంటర్లలో ఒకటైనా ఉంటుంది. చైనా భాషలో శాకాహారాన్ని 'సూషీ' లాగా పలుకుతారు, జపానువాళ్ళ సుషీతో దీనికి ఏ సంబంధమూ లేదు. బౌద్ధుల పద్ధతి పాటించే కొట్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, కార్తీకమాసంలో వచ్చేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి! పొద్దున్నే సన్న సేమ్యాలాంటి బీహూన్ వేడివేడిగా దొరుకుతుంది. కాకపోతే సోయాతో, గోధుమ బంకతో చేసిన ముక్కలు అచ్చం మాంసంలాగే ఉంటాయి. మా అత్తగారు ఎంత చెప్పినా నమ్మలేదు, అవన్నీ ఏరి పక్కన పెట్టి ఆకుకూర, టోఫూ మాత్రం తిన్నారు.

షుగరున్నవాళ్ళు కాఫీ దగ్గర జాగ్రత్త. ఊరికే 'కోపి' అంటే అడుగున తియ్యటి డబ్బాపాలు పోసి ఇస్తారు. 'కోపి-ఓ' అంటే పాలు లేకుండా పంచదారతో. 'కోపి-సి కొసోంగ్' అంటే తీపి లేని డబ్బాపాలతో, పంచదార లేకుండా. కొసోంగ్ అంటే మలయ్ భాషలో ఖాళీ అని. మా మామగారికి మొదటి రోజు నేర్పిన మాట ఇదొక్కటే. టీకి కూడా పనికొస్తుంది.

ఇంత చెప్పాక, మరి జురాంగ్ వెస్ట్‌లోనే దిగమంటావా అంటే, అందరినీ అనను. మొదటి చిక్కు, ఇక్కడ హోటళ్ళు లేవనే చెప్పుకోవాలి. దగ్గర్లో కావాలంటే మూడు స్టేషన్ల అవతల జురాంగ్ ఈస్ట్‌లో చూసుకోవాలి. రెండోది చాలామందికి తెలియదు. ఇంటర్నెట్టులో రోజువారీ అద్దెకి ఫ్లాటు కనిపించి, ధర చూసి డబ్బు కట్టేస్తుంటారు. సింగపూరులో ప్రైవేటు ఇళ్ళని మూడు నెలలకి తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ప్రభుత్వ ఫ్లాట్లకి కనీసం ఆరు నెలలు, టూరిస్టులకి అసలే ఇవ్వకూడదు. పెట్టెలతో పిల్లలతో అర్ధరాత్రి దిగాక అలాంటి ఇంటి గుమ్మంలో చిక్కు వస్తే మీ తరఫున మాట్లాడేవాళ్ళు ఉండరు. హోటలుగా లైసెన్సు ఉన్నచోటే తీసుకోండి. మూడోది దూరం. చాంగీ విమానాశ్రయం తూర్పు కొసన, మేము పడమటి వైపు, రైల్లో గంట పైనే. లిటిల్ ఇండియాకి రావాలంటే బూన్ లేలో ఎక్కి పదకొండో స్టేషను ఔట్‌రమ్ పార్క్‌లో మారి, అక్కణ్ణించి ఇంకో నాలుగు స్టేషన్లు. ఇంకోటి, పాత పుస్తకాలు చూసి జురాంగ్ బర్డ్ పార్క్ కోసం ఇటు దిగాలనుకునేవాళ్ళున్నారు. అది 2023 జనవరిలో మూసేశారు, పక్షులన్నీ ఉత్తరాన మండాయ్‌కి వెళ్ళిపోయాయి.

కాబట్టి రెండు మూడు రోజులే ఉండేవాళ్ళని, ముఖ్యంగా పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళని, లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ స్టేషన్ల మధ్య దిగమంటాను. పొద్దున్నే ఇడ్లీకి సెరంగూన్ రోడ్డు మీద 1947 నించి ఉన్న కోమల విలాస్ లాంటివి ఉన్నాయి. మాంసాహారులకి టెక్కా సెంటర్ ఉంది, అందులోనే చైనా, మలయ్ వంటలు కూడా. శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం అక్కడ ఇసకేస్తే రాలదు, ఆ పూట బయటి తిరుగుడు పెట్టుకోండి. వారం పైన ఉండేవాళ్ళు, ఇక్కడ మాలాంటి చుట్టాలున్నవాళ్ళు, పిల్లల్ని యూనివర్సిటీలో చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు మాత్రం నిస్సంకోచంగా ఇటు రావచ్చు. యూనివర్సిటీకి బూన్ లే నించి 179, 199 బస్సులు వెళ్తాయి.

టిక్కెట్టు కొనేముందు ఇంకో పని చెయ్యండి. ప్రతి హాకర్ సెంటర్నీ శుభ్రం చెయ్యడానికి మూణ్ణెల్లకోసారి ఒకటి రెండు రోజులు మూస్తారు, మరమ్మతులకైతే నెలల తరబడి మూస్తారు. ఆ తేదీలు నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ముందే ప్రకటిస్తుంది. మీ పేటలోది ఆ రోజుల్లో ఉందో లేదో చూసుకోండి. సోమవారాలు చాలా కొట్లకి సెలవు. చైనా కొత్త సంవత్సరం వారంలో అయితే చైనావాళ్ళ కొట్లు మూసే ఉంటాయి, మలయ్, ఇండియన్ కొట్లే దిక్కు. కొంచెం నగదు దగ్గరుంచుకోండి, విదేశీ కార్డు రైలుకి పనిచేస్తుంది గానీ కాఫీ కొట్టులో పనిచెయ్యకపోవచ్చు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు ఒంటరిగా కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకుని తీసుకోకండి, ఆ కుర్చీ ఎవరో పట్టుకున్నారని అర్థం, మన బస్సు సీట్లో చేతిరుమాలు వేసినట్టే. తిన్నాక మీ పళ్ళెం మీరే తీసుకెళ్ళి గూట్లో పెట్టాలి, 2021 సెప్టెంబరు నించి అది నియమం. మా మామగారు మూడో రోజునించి పక్క బల్లల మీదివి కూడా తీసి పెట్టడం మొదలుపెట్టారు, వద్దంటే వినలేదు.