ఒడిలోని కుక్కయా, వేట జాగిలమా?

హైదరాబాదు మాదాపురపు కొండరాళ్ళ నడుమ 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాక ఆకాశమునంటు భవనములు లేచి, ఉద్యోగార్థమై ఊరు విడిచి వచ్చిన దంపతులు పదునెనిమిదవ అంతస్తున కాపురములు పెట్టగా, వారిలో పలువురకు ఇంట నొక కుక్కపిల్ల తిరుగాడిన బాగుండునను కోరిక కలుగుట సహజమే. ఒడిలో నిముడు పగ్గునో షిట్జునో తెచ్చుకొనుటయా, గుమ్మమున నిలిచి ఠీవి గొలుపు వేట జాగిలమును తెచ్చుకొనుటయా అని వారు తర్జనభర్జన పడి, ఇల్లు చిన్నది గావున కుక్కయు చిన్నదే కావలెనని తేల్చివేయుదురు. ఇది తొందరపాటు తీర్పని నా నమ్మకము. ముందుగా చూచుకొనవలసినది యజమాని చేత మిగులు కాలమును, ఆ జంతువు తరతరములుగా ఏ పనికై పెంపబడెనో ఆ స్వభావమును.

పగ్ చీనా రాజాస్థానములలో మనుష్యుల చెంత నుండుటకే పెరిగిన జాతి. 2003లో హచ్ ఫోను ప్రకటనయందు ఒక బాలుని వెన్నంటి తిరిగిన పగ్గును చూచిన నాటినుండి మన నగరములలో దానిపై మోజు హెచ్చినది. ఆ ముఖమును దగ్గరగా పరికింపుడు: ముక్కు లోనికి నొక్కుకొనిపోయి, నాసారంధ్రములు సన్నని చీలికలై, నాలుగడుగులు నడచినంతనే గురగురమని ఎగరోజును. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి వగర్చియే అది ఒంటి వేడిని వెడలించుకొనవలెను. ఊపిరి త్రోవయే ఇరుకైన ప్రాణి, ఎండ 40 డిగ్రీలు దాటు హైదరాబాదు వేసవిలో, కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో ఎంత యాతన పడునో ఊహింపవచ్చును. పైగా సాహచర్యమే జీవితముగా గల దానిని ప్రొద్దుట తలుపు వేసి రాత్రి తీయువరకు ఒంటరిగా విడుచుట కఠినము.

ఇక జాగిలము మాట. ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ప్రోది చేసి ఐదవ జార్జి చక్రవర్తికి కానుక యిచ్చిన ముధోల్ జాతిని చూడుడు: లోతైన రొమ్ము, పిడికెడు నడుము, పొడుగు కాళ్ళు, పొట్టి వెండ్రుకలు, అది దక్కను ఎండకు తగిన దేహము. చూపుతో వేటాడు ఈ జాతి క్షణకాలము మెరుపువలె పరుగెత్తి, తక్కిన ప్రొద్దంతయు ఇంట నిదురించును గావున, ప్రొద్దుట నియమముగ పరుగు దొరికినచో అపార్టుమెంటునందును ఒదుగగలదు. 1972 నాటి చట్టముతో వన్యమృగముల వేట ఆగినను ఆ పరుగు దాని రక్తమున నిలిచియే యున్నది: పిల్లి కదలిన చాలు, చేతిలోని పట్టీ తెంపుకొని కార్ల నడుమకు దూకును. కొండాపురమున నగరపాలక సంస్థ 2018లో 1.3 ఎకరముల మేర నెలకొల్పిన కుక్కల పార్కువంటి కంచె గల చోటనే పట్టీ విప్పవలెను.

తెలుగువారికి సొంతమనదగిన జాతులును కలవు. దక్షిణమునకు వలసపోయిన తెలుగు రాజుల పేర వెలసిన రాజపాళయపు తెల్లని జాగిలము ఒకటి. కొల్లేటి ప్రాంతపు జోనంగి మరియొకటి. జోనంగి నుదుట ముడుతలు గలది, మొరుగుట అరుదు, వింత రాగముతో కూయును. పూర్వము చిన్న జంతువులను వేటాడి, బాతుల మందలను కాచి, పల్లములు చేపల చెరువులైన పిమ్మట పని కోల్పోయినది. నేలను గోతులు త్రవ్వి అందు చల్లగా పరుండుట దాని యలవాటు; టైల్స్ పరచిన ఫ్లాటులో ఆ సుఖమునకు తావు లేదు. ఎంత ప్రియమైన జాతియైనను దీనిని పదునెనిమిదవ అంతస్తునకు ఎక్కింపుమని నేను చెప్పజాలను. మన్నుగల పెరడున్నవారు పెంచిన ఆ జాతి నిలుచును.

గేటెడ్ కమ్యూనిటీల సంఘములు పెద్ద కుక్కలు కూడవనియు, లిఫ్టులో ఎక్కింపరాదనియు పట్టుపట్టుట కద్దు. పరిమాణమును బట్టి నిషేధించు హక్కు వారికి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకములిచ్చినది. ఐనను పట్టీ చేతబట్టుట, మలమును ఎత్తివేయుట, టీకాలు వేయించుట పెంచువారి విధి.

భార్యాభర్తలిరువురును షిఫ్టులలో పనిచేయుచు, ఇంట పెద్దవారెవ్వరును లేనిచో, ప్రస్తుతమునకు ఒడి కుక్క, జాగిలము రెండింటిలో నేదియు వలదందును. ఒకరైనను ఇంటినుండి పనిచేయువారున్న యెడల, అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి శరణాలయములకు పోయి, ఎదిగిన దేశవాళీ కుక్కను చూచిరండు. దాని పరిమాణము మధ్యస్థము, ముక్కు పొడుగు, ఒడలు ఈ ఎండకు అలవడినది. శాంతమో దుడుకో దాని గుణమును పెంపకమునకు దెచ్చుకొనక ముందే కన్నులార చూడవచ్చును.