బైక్ బ్యాటరీ మారుస్తున్నారా? ఏహెచ్ ఒక్కటే చూస్తే సరిపోదు

పవర్ బ్యాంక్ కొనేటప్పుడు ఎంఏహెచ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుంటాం. బైక్ బ్యాటరీకి ఆ లెక్క కుదరదు. 5 ఏహెచ్ బండిలో 9 ఏహెచ్ పెడదామంటే చాలాసార్లు అది ట్రేలోనే పట్టదు. మాన్యువల్‌లో ఎంతుంటే అంతే తీసుకోండి.

అసలు బ్యాటరీయే పోయిందా? ముందు అది తేలాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే. చాలావాటికి కిక్ కూడా లేదు. బ్యాటరీ పూర్తిగా డౌన్ అయితే ఫ్యూయల్ పంపుకే కరెంట్ అందదు, ఇక తోసినా లాభం ఉండకపోవచ్చు. అందుకే ఒక మల్టీమీటర్ దగ్గర పెట్టుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు దాటితే ఛార్జ్ ఫుల్లే. అంత ఛార్జ్ ఉండి కూడా సెల్ఫ్ కొట్టగానే 9.5 కిందికి పడిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే. ఇంజిన్ ఆన్ చేసి రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంత రాకపోతే అనుమానం రెగ్యులేటర్ మీదో, స్టేటర్ కాయిల్ మీదో. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకే అదీ పడుకుంటుంది.

లిథియం బ్యాటరీ చాలా తేలిక, ధర మాత్రం బరువే! రోజూ ఆఫీసుకెళ్లే బండికి సీల్డ్ లెడ్ యాసిడ్ చాలు.

షాపులో ప్లస్ టెర్మినల్ పాతదాని వైపే ఉందా, తయారీ తేదీ ఎప్పటిది అన్నవి చూడండి. నెలల తరబడి అల్మారాలో ఉన్నది వద్దు. వారంటీ 48 నెలలంటే, ఉచితంగా మార్చేది అందులో ఎన్ని నెలలో అడగండి, మిగతా కాలానికి డిస్కౌంటే ఇస్తారు. పాత బ్యాటరీ కూడా తీసుకెళ్లండి, అందులోని సీసానికి విలువ కట్టి బిల్లులో తగ్గిస్తారు.