రెండించుల నీళ్లంటే ఎంత? – డేటా ప్లాన్‌పై అపోహలు, వాస్తవాలు

కొన్నేళ్ల కిందట కడప జిల్లా బోరుబావుల సర్వే ఫైలొకటి నా చేతికొచ్చింది. ఎక్సెల్‌లో వందల వరుసలు. ‘లోతు’ కింద 600, 750, 180 అని ఉంది. మొదటి రెండూ అడుగులే అయివుండాలి. మరి 180 అడుగులా, మీటర్లా? ‘నీళ్లు’ కింద ఉత్త 2. రెండించుల నీళ్లు పడ్డాయని రైతు చెప్పిన మాటను అలాగే రాసేసుకున్నారు. అంటే గంటకు ఎన్ని లీటర్లో ఎక్కడా లేదు. తేదీ 04/05. ఏప్రిల్ అయిదా, మే నాలుగా? మన సీమలో ఆ నెల తేడాలోనే బోర్లు ఎండిపోతాయి. సర్వే చేసిన స్కాలరు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు మారింది. ఎర్రటి ఎండలో ఊరూరా తిరిగి తెచ్చిన లెక్కలు ఎవరికీ కొరగాకుండా పోయాయి. ఆ ఫైలు గుర్తొస్తే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టిననాడే, డేటాను ఎలా సేకరించి, దాచి, పంచుకుంటారో చెప్పే ఒక డేటా ప్లాన్ రాసుకుని ఉంటే ఆ శ్రమ నిలబడేది.

అపోహ: డేటా ప్లాన్ ఒక ఫార్మాలిటీ. సీనియర్ ప్రపోజల్‌లోంచి ఎత్తి అతికిస్తే చాలు.

వాస్తవం: అమెరికాలో సైన్స్ పరిశోధనలకు నిధులిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ 2011లోనే దీన్ని తప్పనిసరి చేసింది. వైద్య పరిశోధనలకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ 2023 జనవరి 25 నుంచి డేటా నిర్వహణ, పంపకంపై తన కొత్త విధానాన్ని అమల్లోకి తెచ్చింది. ప్లాన్ రెండు పేజీలు దాటనవసరం లేదని కూడా చెప్పింది. మన దేశంలో ప్రజాధనంతో తయారైన డేటాను పంచుకోవడంపై 2012లో జాతీయ విధానం వచ్చింది. బయోటెక్నాలజీ విభాగం 2021లో మార్గదర్శకాలిచ్చింది. జీవశాస్త్ర డేటాను భద్రపరిచే జాతీయ కేంద్రం 2022లో ఫరీదాబాద్‌లో మొదలైంది.

ఇంతకీ ఆ రెండు పేజీల్లో రాయాల్సింది మామూలు విషయాలే. ఏ డేటా సేకరిస్తారు, ఎంత, ఏ కొలతల్లో, ఏ రకం ఫైళ్లలో, ఎక్కడ దాస్తారు, ఎప్పుడు, ఎవరికి, ఏ షరతులతో ఇస్తారు, బాధ్యత ఎవరిది. కానీ ఇవి ఎవరికి వారు రాసుకోవాల్సినవి. ఉదాహరణకు 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాలోంచి నంద్యాల జిల్లా విడిపోయింది. 2019 సర్వేలో ‘కర్నూలు జిల్లా’ అని ఉంటే ఆళ్లగడ్డ, బనగానపల్లె అందులో ఉన్నట్టు. ఇప్పటి సర్వేలో ఉండవు. కడప జిల్లాకైతే పేరే మారుతూ వచ్చింది. అందుకే ఊరి పేరు పక్కన 2011 జనగణన గ్రామ కోడ్ కూడా రాస్తామని ప్లాన్‌లో ఒక్క వాక్యం పెట్టండి. ఢిల్లీ ప్రపోజల్‌లోంచి ఎత్తిరాసిన ప్లాన్‌లో ఆ వాక్యం దొరకదు.

అపోహ: షేరింగ్ అంటే ఉన్నదంతా ఇంటర్నెట్‌లో పెట్టేయడం.

వాస్తవం: ఎంత వీలైతే అంత తెరిచి పెట్టాలి, ఎంత అవసరమో అంత మూసి ఉంచాలి. దీనికి మన కలివికోడిని మించిన ఉదాహరణ లేదు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. లంకమల అడవుల్లో ఇలాంటి పక్షి మీద పనిచేసేవాళ్లు అది తిరిగే చోటు అక్షాంశ రేఖాంశాలను యథాతథంగా బయటపెడితే వేటగాడికి దారి చూపినట్టే. ఎర్రచందనం చెట్ల సర్వే అయినా అంతే. సర్వే పద్ధతిని, లెక్కలను అందరికీ ఇవ్వచ్చు. కచ్చితమైన చోటును మాత్రం కారణం చెప్పి అడిగినవాళ్లకే, హామీ తీసుకుని ఇస్తామని ప్లాన్‌లో రాయాలి.

మనుషుల డేటా విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పేరు కొట్టేస్తే చాలుననుకుంటారు. ‘మహిళా రైతు, వితంతువు, పద్నాలుగెకరాల చీనీ తోట, ఇద్దరు కొడుకులు బెంగళూరులో’ అని ఉంటే ఆమె ఎవరో ఆ ఊళ్లో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. ఆమె అప్పు వివరాలు కూడా అదే వరుసలో ఉంటాయి. సమ్మతి పత్రంలో డేటాను ఇతర పరిశోధకులకు ఇవ్వవచ్చా అని ముందే అడగాలి. సర్వే అయిపోయాక అడుగుదామంటే మళ్లీ ఆ గడపలన్నీ తొక్కాల్సిందే.

అపోహ: డేటా ఇచ్చేస్తే ఇంకొకరు పేపరు రాసుకుంటారు.

వాస్తవం: సేకరించిన మర్నాడే ఇమ్మని ఎన్‌ఐహెచ్ కూడా అడగదు. పేపరు అచ్చయ్యే నాటికి, లేదా ప్రాజెక్టు గడువు ముగిసే నాటికి, ఏది ముందైతే అప్పటికి ఇస్తే చాలు. జెనోడో లాంటి భాండాగారంలో పెడితే డేటాకు డీఓఐ అనే సొంత శాశ్వత గుర్తింపు నంబరు వస్తుంది. వాడుకున్నవాళ్లు మీ పేరు చెప్పి ఉదహరించే వీలుంటుంది. దీనికయ్యే ఖర్చును బడ్జెట్‌లో చూపకూడదన్న భయమూ ఉంది. ఎన్‌ఐహెచ్ అయితే చూపమనే అంటుంది. మిగతా చోట్ల నిబంధన చూసుకోండి.

అపోహ: ప్రాజెక్టు ముగిసింది, డేటా నా ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉంది.

వాస్తవం: రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు మన ఊళ్లు తిరిగి, కరణాల కవిలెలు చూసి, పెద్దల నోట విని, ఊరి చరిత్రలు రాసుకున్నారు. అవే కైఫియత్తులు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఏ మాన్యం ఉంది, ఊరికా పేరెలా వచ్చింది, అన్నీ ఉన్నాయి. 1821లో మెకంజీ చనిపోయాడు. ఆయన సేకరణను కంపెనీ ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొంది. అందులో కొంత కలకత్తాలో, కొంత మద్రాసులో, కొంత లండన్‌లో చెల్లాచెదురైంది. మద్రాసులో ఉన్న కాగితాలు శిథిలమవుతుంటే చూసి, ఒకప్పుడు కడపలో కొలువు చేసిన సి.పి.బ్రౌన్ వాటికి శుభ్రమైన నకళ్లు రాయించాడు. ఆ నకళ్లు ఉండబట్టే ఈనాడు కడప జిల్లా కైఫియత్తులు సంపుటాలుగా అచ్చులో ఉన్నాయి.

మెకంజీ తర్వాత బ్రౌన్ వచ్చాడు కాబట్టి సరిపోయింది. మీ ల్యాప్‌టాప్ కోసం ఎవరూ రారు. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్లో. ఇది ప్లాన్‌లో ఒక్క పంక్తి. దాని పక్కనే, మీరు వెళ్లిపోయాక ఆ బాధ్యత ఎవరిదో రాయండి. ప్రతి కాలమ్‌కూ అర్థం, కొలత చెప్పే చిన్న వివరణ ఫైలు జతచేయండి.

కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోటే ఆయన పేరిట గ్రంథాలయం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ప్రపోజల్ రాయడానికి కూర్చునే ముందు ఒక పూట అక్కడికి వెళ్లి, మీ ఊరి కైఫియత్తు ఉందేమో అడిగి చదవండి.